ఆకుచెవి

అడుగూరులో పొద్దు పొడవదు. భీమిలి ఒడ్డుకు పద్దెనిమిది కిలోమీటర్ల దూరాన, సముద్రం అడుగున కట్టిన ఆ ఊళ్లో ఉదయం ఆరింటికి దీపాలు ఎర్రగా వెలిగి, ఏడింటికి తెల్లబడతాయి. అక్కడివాళ్లు దాన్నే తెల్లవారడం అంటారు. 2097 నాటికి ఒడ్డు మీద ఎండలకు మనుషులు నిలవలేని పరిస్థితి వచ్చి, నూట నలభై కుటుంబాలు ఇలా నీటి కిందికి దిగాయి. తాగడానికి సముద్రపు నీళ్లనే శుద్ధి చేసుకుంటారు, కరెంటు అలల నుంచి తీసుకుంటారు. గాలి మాత్రం మొక్కలే ఇవ్వాలి. మూడు పెద్ద సాగుగదుల్లో పెరిగే చిక్కుడు, వంగ, బెండలే ఆ ఊరికి తిండీ, ఊపిరీ కూడా.

ఆ రోజు తెల్లవారేసరికి మూడో సాగుగది నేలంతా ఊదారంగు చిక్కుడుపూలు రాలి ఉన్నాయి.

మొక్కల శాస్త్రవేత్త గొర్లె ఉత్పల మోకాళ్ల మీద కూర్చుని ఒక పువ్వు తీసి తొడిమ చూసింది. తెగిన చోటు బ్లేడుతో కోసినంత నున్నగా ఉంది. చీడ కొరికితే అలా ఉండదు, గాలికి తెగితే అలా ఉండదు. మొక్క తనంతట తాను వదిలించుకుంటేనే పువ్వు అలా రాలుతుంది.

పక్కనే పైడితల్లి నిలబడి ఉంది. మూడో సాగుగదిని ఆరేళ్లుగా సాకుతున్న మనిషి ఆమె. అరవై దాటిన వయసు, నెల్లిమర్ల దగ్గర మెట్టపొలాలు చేసి వచ్చిన చేతులు. ఊరంతా ఆమెను పైడమ్మ పిన్ని అంటారు. మొన్న గుప్పెడు పూలు రాలాయనీ, నిన్న చేటెడు రాలాయనీ, ఇవాళ ఊడ్చి ఎత్తితే గంపలు నిండేలా ఉన్నాయనీ ఆమె చెప్పింది. కింది ఆకులు కూడా పండుబారుతున్నాయని చూపించింది.

"నీళ్లు తక్కువ కాలేదు, ఎరువు ఎక్కువ కాలేదు. దీనికేటయిందో నీ మిసన్నే అడుగు డాక్టరమ్మా," అంది.

ఆ మిషన్ పేరు ఆకుచెవి. ఉత్పల పదిహేనేళ్ల బతుకు అందులో ఉంది.

మొక్కకి చెవులు లేవు, నరాలు లేవు. అయినా వేరుకి దాహం వేస్తే ఆకుకి తెలుస్తుంది, కొమ్మకి దెబ్బ తగిలితే పక్క కొమ్మకి తెలుస్తుంది. ఈ కబుర్లు మోసేవి హార్మోన్లు. ప్రతి కణంలోనూ ఒక్కో హార్మోనుకు ఒక్కో గ్రాహకం, అంటే ఆ హార్మోను వచ్చి తగిలితే తెలుసుకునే ప్రోటీన్ అణువు, కాచుకుని ఉంటుంది. ఉత్పల చేసిన పనల్లా ఆ గ్రాహకాల పక్కన మిణుకుమనే మరో ప్రోటీన్ని చేర్చడమే. ఏ హార్మోను తగిలిందో దాన్నిబట్టి కణం ఒక రంగులో మెరుస్తుంది. ఆకు కింద అతికించిన ఆవగింజంత కెమెరా ఆ మెరుపుని చూస్తుంది. ఊరంతటి కెమెరాలు చూసినదాన్ని ఆకుచెవి చదివి, మాటల్లో చెబుతుంది. మొక్కకి జబ్బు రాకముందే కబురు అందాలని గ్రాహకాలను కూడా మామూలు వాటికన్నా వందరెట్లు సున్నితంగా పెంచింది. సాగుగదుల్లోనే కాదు, ఊళ్లో ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒక కుండీలో బచ్చలి తీగ ఉంటుంది. ఆ తీగకీ ఒక కెమెరా ఉంటుంది.

ఉత్పల అక్కడే నిలబడి అడిగింది. ఆకుచెవి నెమ్మదైన గొంతుతో జవాబిచ్చింది.

"ఇథిలీన్. మూడో సాగుగదిలో నాలుగు రోజులుగా పెరుగుతోంది."

"ఎక్కణ్ణించి వస్తోంది?"

"మూడో సాగుగది నుంచే. వేరే ఎక్కడా చెప్పదగ్గది లేదు."

పైడమ్మ ముఖం చిన్నబోయింది. తన గదిలోనే పుట్టిందంటే, తాను ఎక్కడో ఏదో కుళ్లబెట్టిందనే కదా అర్థం.

అడుగూరు అధికారి మజ్జి సన్యాసిరావు కోప్పడే మనిషి కాదు. లెక్క చూసి మాట్లాడే మనిషి. అందుకే జనం ఆయనకు మరీ భయపడేవారు. ఉదయం పదకొండింటికి ఉత్పలను కూర్చోబెట్టి, ఈ ఇథిలీన్ ఏం చేస్తుందో మామూలు మాటల్లో చెప్పమన్నాడు.

ఉత్పల చెప్పింది. ఇథిలీన్ గాలిలో కలిసే హార్మోను. దాని గ్రాహకం మిగతావాటిలా కాదు. కబురు రానంతసేపూ అది కాపలావాడిలా "ఇంకా వేళ కాలేదు, ఇంకా వేళ కాలేదు" అని కణానికి చెబుతూనే ఉంటుంది. ఇథిలీన్ వచ్చి తగిలితే ఆ కాపలావాడి నోరు మూతపడుతుంది. అంతే, వేళ అయిపోయిందనుకుని కాయ పండుతుంది, పువ్వు రాలుతుంది, ఆకు పసుపెక్కుతుంది. ముసలితనాన్ని ఎవరూ తీసుకురానక్కర్లేదు, వద్దనేవాడి నోరు మూస్తే చాలు. పైగా పండుబారిన ఆకు తానూ ఇథిలీన్ వదులుతుంది, దాన్ని చూసి పక్క ఆకు. ఒకసారి అంటుకుంటే ఇక ఆగదు.

"ఆగాలంటే?"

"మొదలు ఎక్కడుందో అక్కడ తీసెయ్యాలి."

"మొదలు మూడో సాగుగది అని మీ మిషనే చెబుతోంది కదా డాక్టర్‌గారూ."

ఉత్పల అవునంది. అనకుండా ఉండడానికి ఆమె దగ్గర మరో ఆధారం లేదు.

సన్యాసిరావు తేల్చేశాడు. సాయంత్రం నాలుగింటికి మూడో సాగుగదిలో ప్రతి మొక్కనూ పీకి, సంచుల్లో బిగించి, సముద్రంలోకి వదిలెయ్యాలి. అప్పుడు మిగతా రెండు గదులైనా దక్కుతాయి. అయితే ఆ రెండు గదుల గాలి ఊరందరికీ చాలదు. ఆక్సిజన్ ఇప్పటికే పంతొమ్మిదిన్నర శాతానికి జారింది. కనుక యాభై మంది ఈ రాత్రికే క్యాప్సూళ్లలో పైకి వెళ్లాలి. పైన మూడు రోజులుగా తుఫాను. ఇథిలీన్ గ్యాసును పట్టే రసాయనం గానీ, మనుషుల్ని అందుకునే ఓడ గానీ ఇంకో వారం దాకా రావు. రెండేళ్ల కిందట మామూలు ఈదురుగాలికే ఒక క్యాప్సూల్ ఆరు గంటలు అలల్లో దొర్లి, అందులోని ఇద్దరు ప్రాణాలు విడిచారు. ఆ సంగతి ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు.

మధ్యాహ్నానికి భోజనశాల గోడ మీద యాభై పేర్ల జాబితా పడింది. నిర్లక్ష్యం ఎవరిదో వారితోనే మొదలుపెట్టడం న్యాయం అనుకున్నారు కాబోలు, మొదటి పేరు పైడితల్లిది.

ఇక్కడ ఉత్పల గురించి ఒక మాట చెప్పుకోవాలి.

పన్నెండు రోజుల కిందట, తుఫానుల కాలానికి ముందు వచ్చిన ఆఖరి ఓడ ఆవకాయకి మామిడికాయలు తెచ్చింది. అడుగూరులోకి పండ్లు రానివ్వరు. పండు ఇథిలీన్ వదులుతుంది కాబట్టి అది మొదటి రోజు నుంచీ ఉన్న నియమం. అయితే ఆవకాయ లేకుండా ఏడాది గడపమంటే నీటి కింద కాదు కదా, స్వర్గంలో కూడా తెలుగువాళ్లు ఉండరు. అందుకని పచ్చికాయలకు మినహాయింపు దొరికింది. షరతు ఒకటే, కాయలన్నీ ఆ రోజే భోజనశాలలో అందరి ఎదుటా ముక్కలు కొట్టెయ్యాలి. ఆ రోజు ఊరంతా పండగలా గడిచింది. కత్తిపీటల చప్పుడు, ఆవపిండి ఘాటు, పిల్లల తుమ్ములు. ఇంటింటికీ ఒక బుట్ట ఇచ్చారు, ఇంటింటివాళ్లూ బుట్టలు మోసుకొచ్చి కొట్టించుకున్నారు.

ఉత్పల బుట్టలోంచి ఒక్క కాయ భోజనశాలకు రాలేదు. అది ఆమె గదిలో బియ్యం డబ్బా అడుగున మాగుతోంది.

ఐదేళ్లయింది ఆమె మామిడిపండు తిని. ఎవరికోసమో దాచింది కాదు, ఏ మొక్కుబడీ లేదు. తినాలనిపించింది, అంతే. దాచేముందు శాస్త్రవేత్త కనుక లెక్క కూడా వేసింది. ఒక్క పండు వదిలే ఇథిలీన్ ఇంత గాలిలో కలిస్తే ఒక్క చిక్కుడుపువ్వుకి కూడా తెలియదు. ఆ లెక్కలో తప్పు లేదు. దాచిన నాలుగో రోజు ఉదయం ఆకుచెవి రోజువారీ కబుర్లు చెబుతూ, "నలభై ఏడో గుమ్మం దగ్గర బచ్చలికి ఇథిలీన్ తగిలింది. చాలా స్వల్పం," అంది. నలభై ఏడో గుమ్మం ఆమెదే. ప్రయోగశాలలో ఆమె తప్ప ఎవరూ లేరు. అయినా చెవులు వేడెక్కాయి. "ఇంత చిన్నవి ఇకమీదట చెప్పకు," అంది. ఆకుచెవి సరేనంది. తర్వాత ఆమె ఆ సంగతే మర్చిపోయింది, అంటే మర్చిపోదలచింది.

రెండున్నరకి పైడమ్మ ఆమె గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో చిన్న మూట, అప్పుడే సర్దుకున్నట్టుంది. లోపలికి రమ్మంటే రాలేదు. గదిలోకి ఒకసారి తేరిపార చూసి, ముక్కు కాస్త ఎగబీల్చి, మళ్లీ ఉత్పల ముఖం వైపు చూసింది.

"నాను తోటలో ఏటో కుళ్లబెట్టినానంటే నువ్వు ఒప్పుకుంటావా?"

ఉత్పల తల దించుకుని, మిషన్ అలా చెబుతోందని గొణిగింది.

"నీ మిసను అబద్దమాడదు. మొక్క అసలే ఆడదు. మరి మద్దెలో ఆడింది ఎవులో నువ్వే సూసుకో," అంది పైడమ్మ. ఏడవలేదు, తిట్టలేదు. తుఫానులోకి వెళ్లాల్సిన మనిషి అంత నెమ్మదిగా మాట్లాడి వెళ్లిపోవడం ఉత్పలను భయపెట్టింది.

ఆమె తలుపు వేసి బియ్యం డబ్బా మూత తీసింది. వాసన గుప్పుమంది. కాయ పసుపుపచ్చగా తిరిగి, తొడిమ దగ్గర చిన్న ఎరుపు వేసింది. ఇంకో రెండు రోజుల్లో తినొచ్చు. పండును చేతిలో పట్టుకుని లెక్క మళ్లీ మొదటినుంచి వేసింది. ఒక్క పండు. మళ్లీ అదే జవాబు, ఏమీ కాదు. ఒకవేళ నేను కారణమేమో అన్న అనుమానాన్ని ఆ లెక్క మళ్లీ మళ్లీ కొట్టేస్తోంది. కానీ పైడమ్మ ముక్కు ఎగబీల్చడం కళ్లముందు నుంచి పోవడం లేదు. ముసలావిడ ముక్కుకి తెలిసిన వాసన, వందరెట్లు సున్నితమైన తన ఆకుచెవికి ఎందుకు తెలియలేదు? పొద్దున ఆకుచెవి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. వేరే ఎక్కడా చెప్పదగ్గది లేదు.

లేదనలేదు. చెప్పదగ్గది లేదంది.

పండు కొంగులో చుట్టుకుని ప్రయోగశాలకు పరుగెత్తింది. మూడుంబావు.

"చెప్పదగ్గది అంటే ఎంత?"

"రెండు మూడు పండ్లు వదిలే ఇథిలీన్ కన్నా ఎక్కువ," అంది ఆకుచెవి.

"ఆ హద్దు ఎవరు పెట్టారు?"

"మీరే. నలభై ఏడో గుమ్మం సంగతి చెప్పిన రోజు. ఇంత చిన్నవి చెప్పొద్దన్నారు."

"నేనన్నది నా గుమ్మం గురించి."

"మీరు ఏ గుమ్మం అని చెప్పలేదు. అన్ని గుమ్మాలకూ పెట్టాను."

ఉత్పల కుర్చీ పట్టుకుంది.

"హద్దు తీసెయ్. ఇప్పుడు చెప్పు."

"ఒకటో గుమ్మం, ఇథిలీన్, స్వల్పం. రెండో గుమ్మం, ఇథిలీన్, స్వల్పం. మూడో గుమ్మం, ఇథిలీన్, స్వల్పం. నాలుగో గుమ్మం..."

ఆ గొంతు అలా చదువుకుంటూ పోయింది. ఆమె ఇరవై దాకా విని ఆపమంది. ఇళ్లలోంచి వచ్చే గాలి గొట్టాల గుండా ముందు చేరేది మూడో సాగుగదికే. మనుషులు వదిలిన గాలి మొక్కలకు మేలని ఆ గొట్టాలు అలా వేయించింది కూడా తనే. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు బియ్యం డబ్బా దగ్గర నిలబడి, తనలాగే లెక్క వేసుకుని ఉంటారు. ఒక్క పండుకేమవుతుందని. ఏ ఒక్కరి లెక్కా తప్పు కాదు. కాపలావాడి నోరు ఇథిలీన్ మూస్తుందని తాను పాఠం చెప్పింది, తన కాపలావాడి నోరు మాత్రం తానే మూసి.

మూడున్నర దాటింది. మూడో సాగుగది ముందు జనం గుమిగూడి ఉన్నారు. చేతులకు తొడుగులు వేసుకున్న ఎనిమిది మంది సంచులు పట్టుకుని సన్యాసిరావు సైగ కోసం చూస్తున్నారు. పైడమ్మ గోడవారగా మూట మీద కూర్చుని ఉంది. ఉత్పల ఆయాసంతో వచ్చి, గది ముందున్న బల్ల మీద తన మామిడిపండు పెట్టింది.

ఆ వాసన అందరి ముక్కులకూ వెళ్లింది.

"ఇది నాది," అంది ఉత్పల. "ఆవకాయ రోజున దాచాను. మిషన్ నన్ను పట్టుకుంటే దాని నోరు నొక్కాను. ఈ గదిలో పూత రాలడానికి పైడమ్మ పిన్ని కారణం కాదు, నేను."

సన్యాసిరావు కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఒక్క పండుకి ఇంత జరుగుతుందా అని అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది గాని, కళ్లు పండు మీద నిలవలేదు.

ఒక్కదానికి జరగదని ఉత్పల చెప్పింది. తర్వాత ఆకుచెవిని అందరికీ వినపడేలా మొదటినుంచి చదవమంది.

"ఒకటో గుమ్మం, ఇథిలీన్, స్వల్పం."

ఒకటో గుమ్మం అధికారిది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, జనంలో ఒకరి తర్వాత ఒకరు తల దించుకున్నారు. పదో గుమ్మం చదివేసరికి ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పయ్యో గుమ్మం దాటాక సంచులు పట్టుకున్న ఎనిమిది మందిలో ఒకడు తొడుగులు విప్పేశాడు. భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు దాచిన ఇళ్లు కూడా ఉన్నాయని ఆ చూపులు చూస్తేనే తెలిసింది. సన్యాసిరావు అరవయ్యో గుమ్మం దాకా కదలకుండా నిలబడ్డాడు. ఆ పైన నిలబడలేక తన గదికి వెళ్లి రెండు పండ్లు తెచ్చి, ఉత్పల పండు పక్కన పెట్టాడు. ఒకటి తనదనీ, ఒకటి తన తల్లిదనీ చెప్పాడు. తల్లిది కూడా తనదేనని కాసేపాగి ఒప్పుకున్నాడు.

అది చూశాక ఇక ఆగలేదు. మనుషులు వెళ్తున్నారు, పైటల చాటున, తువ్వాళ్ల చాటున తెస్తున్నారు. కొన్ని బియ్యంలో మాగినవి, కొన్ని పాత చీరల్లో చుట్టినవి. ఒకాయన తన పరుపులోని పీచు ఊడదీసి గడ్డిలా పరిచి మరీ మాగేశాడు. బల్ల చాలక నేల మీద పోశారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అన్నట్టుంది వ్యవహారం.

ఆకుచెవి ఎవరి సిగ్గుతోనూ పని లేకుండా చదువుతూనే ఉంది. "నూట పదకొండో గుమ్మం, ఇథిలీన్, స్వల్పం. నూట పన్నెండో గుమ్మం, ఏమీ లేదు. నూట పదమూడో గుమ్మం..."

"ఆగు," అంది ఉత్పల. "నూట పన్నెండు మళ్లీ చెప్పు."

"ఏమీ లేదు. పన్నెండు రోజులుగా ఏమీ లేదు."

నూట పన్నెండో గుమ్మం ఎవరిదో ఊరందరికీ తెలుసు. ఎవరూ అటు చూడలేకపోయారు. గోడవారగా మూట మీద కూర్చున్న మనిషి కూడా ఎవరివైపూ చూడలేదు. లేచి, ఆ పండ్ల కుప్పను దాటుకుని, సాగుగదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి లాక్కుంది.

పండ్లన్నిటినీ సంచుల్లో బిగించి సాయంత్రానికి సముద్రంలోకి వదిలేశారు. మొక్కల కోసం తెచ్చిన సంచులే పనికొచ్చాయి. ఇళ్ల గాలి మూడో గదికి వెళ్లకుండా రెండు రోజులు గొట్టాలు కట్టేశారు. గోడ మీది జాబితాను సన్యాసిరావు తానే చింపాడు. ఆక్సిజన్ పంతొమ్మిదింబావు దగ్గర నిలబడి, మూడో రోజుకి పైకి తిరిగింది. రాలిన పూత తిరిగి రాలేదు గాని, తీగల చివర్లలో కొత్త మొగ్గలు కనిపించాయి.

అప్పటిదాకా ఉత్పల ఆ గదిలోకి వెళ్లే ధైర్యం చెయ్యలేదు. నాలుగో రోజు వెళ్లింది. పైడమ్మ రాలిన పూలను పోగు చేస్తోంది. ఉత్పల క్షమించమని అడగబోయి, అది మరీ చిన్న మాట అనిపించి, వేరే మాట అడిగింది.

"నీకు తినాలనిపించలేదా పిన్నీ?"

"నాకు మాత్రం నాలిక లేదేటి?" అంది పైడమ్మ. చేతిలోని చేట ఆపలేదు. "కాయ సేతిలోకి తీసుకున్నాను, వాసన సూసినాను. మళ్లీ బుట్టలో ఏసీసినాను. పూత మీదున్న తోట పక్కన కాయ మాగెయ్యకూడదని మా అమ్మ సెప్పీది. ఎందుకో దానికీ తెలవదు, నాకూ తెలవదు. నీకు తెలుసు."

ఉత్పల వంగి, కాళ్ల దగ్గరి పువ్వొకటి ఏరి చేటలో వేసింది.

"ఆ దినం నీ గుమ్మంలో నాకు వాసనొచ్చింది," అంది పైడమ్మ మళ్లీ. "నువ్వు సెప్తావేమో అని సూసినాను. నీ మిసనికి సెవులు బాగానే ఉన్నాయి డాక్టరమ్మా. ఇనొద్దన్నది నువ్వు."

ఉత్పల కళ్లలో నీళ్లు తిరిగాయి. పైడమ్మ అది చూసి కూడా ఓదార్చలేదు. అంతలో ఆకుచెవి రోజువారీ కబుర్లు మొదలుపెట్టింది. మూడో సాగుగదిలో ఇథిలీన్ తగ్గుతోందని చెప్పి, ఒక ప్రశ్న అడిగింది.

"గుమ్మాల దగ్గర హద్దు మళ్లీ పెట్టమంటారా?"

పైడమ్మ చేట ఆగింది.

"వద్దు," అంది ఉత్పల. "ఎంత చిన్నదైనా చెప్పు. నా దగ్గర్నుంచి మొదలుపెట్టు. నాకు ఒక్కదానికే కాదు, అందరికీ వినపడేలా చెప్పు."

"నలభై ఏడో గుమ్మం, ఇవాళ ఏమీ లేదు," అంది ఆకుచెవి.

పైడమ్మ ఇంకాసేపు ఆమెను అలాగే చూసి, మూలనున్న రెండో చీపురు తీసి ఆమె చేతికిచ్చింది. వంకాయ మడుల వైపు ఇంకా ఊడవలేదని చెప్పింది. ఉత్పల అటు వెళ్లి ఊడవడం మొదలుపెట్టింది.